నేను చుట్టని మోటరు

కొర్లగుంటలో మా అంగడి ముందర
కాలిపోయిన బోరు మోటర్లు వరసగా పండుకోనుంటాయి.
నీళ్ళు లేని లోతులో
ఉత్త గాలిని లాగి లాగి
కడుపు మాడ్చుకోని వస్తాయి.
పాత రాగి పీకి, కొత్త రాగి చుట్టి,
వార్నిష్ పోసి ఆరబెట్టి పంపిస్తా.
పదకొండేళ్ళు.
ఇన్ని మోటర్లను తిప్పినదాన్ని
మాపటేల ఇంటికి మాత్రం నా మోకాళ్ళ మీదే పోవాల.
పెరుమాళ్ళపల్లి మిట్ట దగ్గర
బస్సు కూడా గేరు మార్చి గొణుగుతుంది.

ఈ గేర్ల సైకిలు ఒక హాస్టలు పిల్లోడిది.
పరీక్షలైపోయి ఊరికి పోతా పోతా
రెండువేల రెండొందలకు ఇచ్చేసినాడు.
సీటు కింద మేకుతో గీసుకోనున్నాడు: 'పడితే లెయ్'.
ఎన్నిసార్లు పడినాడో
ఎడమ పెడలు వంకర చెప్తానే ఉంది.

చచ్చిన లాప్‌టాప్ బ్యాటరీలు
ఖాదర్‌వలీ దగ్గర కిలో లెక్కన తెచ్చినా.
పగలగొడితే వేలెడంత సెల్లులు.
రోజూ అన్నం తిన్నాక మీటరు పెట్టి చూసేది:
మూడు పాయింటు ఆరు. బతికుంది.
మూడు పాయింటు ఒకటి. చూద్దాం.
సున్నా పాయింటు నాలుగు. పక్కన పెట్టు.
నూటాపదిలో నలభై గట్టెక్కినాయి.
మా అత్త కుప్పమ్మ గడపలో కూచోని
"మందుగుండేమన్నా చేస్తా ఉండావా మే?" అనింది.
గమ్మునుండత్తా అన్నా గానీ
టంకం పెట్టేటప్పుడు నాకూ చెయ్యి వణికింది.
మోటరు గాడుల్లో దూర్చే లెదరాయిడ్ పేపరే
సెల్లుకీ సెల్లుకీ మధ్య మడిచిపెట్టినా.
డబ్బా ఆమెదే, పాత సద్ది డబ్బా,
లోపల చుట్టూతా సైకిలు ట్యూబు అంటించి.
ఇంకా అడగతానే ఉంది, యాడ పోయిందే నా డబ్బా అని.

మోటరు మాత్రం కొరియర్లో వచ్చింది.
చక్రం బొడ్డులో దాక్కోనుండే మోటరు.
బిగించేస్తే పోయేదే,
ఆరు మరలు విప్పి మూత తీయకుండా ఉండలేకపోయినా.
ఎవరో చుట్టినారు.
ఏ ఊర్లోనో, ఏ దేశంలోనో,
చుట్టు పక్కన చుట్టు, ఒక్క తీగ ఇంకోదాన్ని తొక్కకుండా.
ఒక్కచోట మాత్రం ముడి రవ్వంత ఎడంగా పడింది.
నేనూ అట్లే వేస్తా,
సాయంత్రం ఐదు దాటితే.
మూత పెట్టేసినా.

మొదటిసారి హ్యాండిలు మెలితిప్పితే
చక్రం గిర్రున ఎనక్కి తిరిగింది.
"అంగడికే పోతానంటాంది చూడు" అని అత్త ఒకటే నవ్వు.
రెండు తీగలు మార్చితే దిక్కు మారుతుందని
ఊరందరికీ చెప్పేదాన్ని నేనే.
పచ్చది తీసి నీలందాని చోట పెట్టినా.

శుక్రవారం. అంగడి మూసేసరికి ఎనిమిదిన్నర.
మిట్ట మొదట్లో కాళ్ళు అలవాటుగా బిగుసుకున్నాయి.
తొక్కలేదు.
పెడళ్ళ మీద పాదాలు ఊరికే పెట్టుకోని కూచున్నా,
ఎవరింటికో చుట్టానికి పోయినట్టు.
టైరు కింద ఇసక నలిగే సద్దు.
బొడ్డులో సన్నటి గుంయ్.
కుక్కలు కూడా నేను దాటిపోయినాకనే మొరిగినాయి.
సగం మిట్టకి వాసన.
పదకొండేళ్ళుగా నేనెరిగిన వాసన.
చెయ్యి వదిలేసినా.
దిగి, బొడ్డు మీద అరచెయ్యి పెట్టి చూసినా,
జరం చూసినట్టు.
కాలలేదు. అలిసింది, అంతే.
కొండ మీద మెట్లదారి లైట్లు
దూరంగా ఒక గీత మాదిరి ఎక్కిపోతా ఉన్నాయి.
మళ్ళీ ఎక్కి
నేను కొంచెం తొక్కినా, అది కొంచెం లాగింది.
ఎవరిది ఎంతో లెక్క వెయ్యలేదు.

ఇంట్లో ఎర్రలైటు.
నలభై రెండు వోల్టులకి పచ్చగా మారుతుంది.
అత్తకి నిద్ర పట్టలేదు, నాకూ పట్టలేదు,
ఇద్దరమూ దాన్నే చూస్తా కూచున్నాం.
రేపు అంగట్లో ఏడు మోటర్లు.
పాకాల నుంచి వచ్చినదాని కడుపునిండా ఇసక.