గడి లేని పని

మలికిపురం దాటి సముద్రం వైపు పోతే
సరుగుడు తోటల వెనక మా సైటు.
తుపాను షెల్టరు కడుతున్నాం.
ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లు,
అవీ ఉప్పునీళ్లు.
రాత్రి మోటారు ఆగిందంటే
తెల్లారేసరికి పునాది గుంటలో
మాకంటే ముందు కప్పలు హాజరు పలుకుతాయి.

నేను సూపర్‌వైజర్ని.
చంకలో పొడుగాటి రిజిస్టరు.
వచ్చిన సిమెంటు, వాడిన సిమెంటు,
ఇసుక లారీ నంబరు,
మగకూలీలు, ఆడకూలీలు,
వానకి ఆగిన గంటలు,
అన్నిటికీ గడులున్నాయి.
గంటి వీరవేణి చేసే పనికి గడి లేదు.
"ఆడకూలీ: ఒకటి" అని రాసి ఊరుకుంటాను.

సెంట్రింగు విప్పిన రోజు చూడాలి.
కింద పడ్డ ప్రతి చెక్కకీ నాలుగేసి మేకులు,
మొనలు పైకి పెట్టుకుని.
గోనె పరుచుకు కూర్చుని ఒక్కొక్కటే లాగుతుంది,
మొండికేసే పిల్ల తలలో పేలు తీసినట్టు,
తిట్టుకుంటూ, వదలకుండా.
వంకరపోయినవి ఒక డబ్బాలో,
పనికొచ్చేవి ఇంకో డబ్బాలో.
తెగిన బైండింగు వైరు ముక్కలు చీపురుకి రావు.
వాటి కోసం పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతాన్ని
తాడుకి కట్టి ఇసుకలో ఈడ్చుకుపోతుంది
మాట వినని దూడని తోలుకెళ్తున్నట్టు.
సాయంత్రానికి దానికి గడ్డం మొలుస్తుంది.

ఎందుకంత పట్టింపని అడిగితే చెప్పదు.
ఏసుదాసు మేస్త్రి ఒకసారి చెప్పాడు,
ఎప్పుడో, యానాం వైపు ఏదో సైట్లో,
వాళ్ల తమ్ముడి పాదం, ఒక చిన్న మేకు...
మిక్సరు తిరుగుతోంది,
నేను సగమే విన్నాను.
మిగతా సగం మళ్లీ అడగలేదు.

కాలమ్సు మీంచి లేచిన ఊచలు
ఛాతీ ఎత్తున నిలబడి ఉంటాయి.
వాటికి టోపీలు కావాలని మూడుసార్లు రాసి పంపాను.
కంట్రాక్టరు గారు "చూద్దాం" అన్నారు.
చూశారు.
ఒకరోజు పొద్దున్న నేను వచ్చేసరికి
ఇరవై నాలుగు కాలమ్సు,
కాలమ్‌కి ఎనిమిది ఊచలు,
అన్నిటి నెత్తినా బోర్లించిన కొబ్బరిచిప్పలు,
లోపల పీచు కుక్కి, ఊడకుండా వైరుతో బిగించి.

"ఏంటమ్మా ఇవి?"
"ఆయ్, చిప్పలండి."
"అది కనిపిస్తోంది."
"కొబ్బరి కళ్లంలో ఊరికే పడున్నాయండి.
మన కుర్రోళ్లేమో ఫోను మాట్లాడుకుంటా నడుత్తారు."

చిప్ప మనిషి బరువుని ఆపలేదని నాకు తెలుసు.
చదువుకున్నాను కదా.
కానీ చూపుని ఆపుతుంది.
చీకటి పడేవేళ నూట తొంభై రెండు బుర్రలు
మమ్మల్నే చూస్తున్నట్టుండేవి.

మొన్న వాన వెలిశాక
తూర్పు వరసలో ఒక చిప్ప
రెండు ముక్కలై ఉంది.
ఎవరు పడ్డారు? ఎవరూ పడలేదట.
ఎవరు జారారు? ఎవరూ జారలేదట.
సాయంత్రం గొట్టం దగ్గర అందరూ ఒళ్లు కడుక్కుంటుంటే
నిలబడి ఛాతీలు లెక్కపెట్టాను.
బుల్లబ్బులు పక్కటెముక మీద
రూపాయి బిళ్లంత ఎర్రటి గుండ్రం.
"ఏట్రా అది?"
"దోమండి."
"అంత దోమా?"
"లంకలో దోమలండి," అన్నాడు,
ఒడిశా నిరంజన్ నవ్వు ఆపుకోలేక
సబ్బు మింగాడు.

వీరవేణి ఏమీ అనలేదు.
పగిలిన ముక్కలు టీ పొయ్యిలో పడేసి
కొత్త చిప్ప బిగించింది.
ఆ టీ నేనూ తాగాను.

రాత్రి రిజిస్టరు తెరిచాను.
సిమెంటు ముప్ఫై ఎనిమిది బస్తాలు.
వానకి ఆగిన గంటలు రెండు.
జరిగినవన్నీ రాశాను.
జరగనిదాన్ని ఎక్కడ రాయాలి?
పెన్ను కాసేపు గాల్లో పట్టుకుని
మూత పెట్టేశాను.

రేపు శ్లాబు.
కింద మెట్ల దగ్గర ఆవిడ ఇంకా ఊడుస్తోంది,
సెల్ లైటు పళ్లతో కరిచి పట్టుకుని.
ఇక్కడ రేపు ఎవరూ నడవరు, ఇంటికెళ్లమన్నాను.
లైటు తీసి చేతిలో పెట్టుకుంది.
"గాలొచ్చిన రాత్రి ఊరంతా ఈ మెట్లే కదండీ ఎక్కేది.
అప్పుడు చెప్పులెవరు ఎతుక్కుంటారండి?"

మళ్లీ లైటు నోట్లో పెట్టుకుని,
మళ్లీ తీసి,
"చీపురుకి నలభై రూపాయలు బాకీ ఉన్నారండి," అంది.