రాజుగారి కుంచం

ముప్ఫై ఒక్క ఏళ్లు
వాజ్ నది ఒడ్డున, గురువారం సంతలో
రాజుగారి కుంచం నా చేతిలో ఉండేది.
ఓక్ చెక్క, చుట్టూ రాగి పట్టీ,
అడుగున మూడు లిల్లీ పూల ముద్ర.
గోధుమలు పోసి, అంచు మీద కర్రతో ఒక్క గీత గీస్తే
గింజ ఎక్కువ లేదు, గింజ తక్కువ లేదు.
ఆ కర్ర గీసినంత మేరా
ఈ ఊళ్లో రాజు ఉన్నట్టు.

ఆయన్ని నేను చూడలేదు.
నాణెం మీది ముక్కు మాత్రం తెలుసు.

గంట కొట్టి ధర చాటేది నేనే.
గంటకి ముందు మూట విప్పితే జరిమానా,
కొట్టులో దాస్తే జైలు.
అయినా దాచేవాళ్లు దాచారు,
దాటించేవాళ్లు రాత్రి పడవల్లో దాటించారు,
నా బావమరిది ఒదిలోన్‌తో సహా.

మొన్న మగ్దలేనమ్మ పండగ మర్నాడు
పారిస్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
వేళ్లకి సిరా ఉంది, బూట్లకి బురద లేదు.
"ఇక గంట వద్దు.
ఎవరి గింజ వాళ్లది, ఎవరి ధర వాళ్లది.
ఏటికి దారి చూపక్కర్లేదు,
పల్లం ఎక్కడుందో దానికే తెలుసు."
మరి నేనేం చెయ్యను బాబూ అన్నాను.
గళ్లు గీసిన లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు.
"ముట్టుకోకు. రాసుకో.
ఎంతకి అమ్మారు, ఎన్ని బళ్లొచ్చాయి,
ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఏ జ్వరంతో."

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ హాయిగానే ఉంది.
ఏ కొట్టు తలుపూ తట్టలేదు.
నన్ను చూసి ఎవరూ సంచి వెనక్కి దాచుకోలేదు.
ఒదిలోన్ పట్టపగలు పడవ నడిపాడు, ఈల వేసుకుంటూ.
తన బస్తా మీద తనే చెయ్యేసి నిలబడితే
మనిషి వెన్ను ఎంత నిటారుగా ఉంటుందో
ఆ ఎండలో చూశాను.
అది అబద్ధం కాదు. ఎవరేమన్నా ఒప్పుకోను.

మూడో వారం రొట్టె ధర రెండింతలైంది.
రేవు నుంచి పెర్రీన్ తడి చేతులతోనే వచ్చింది.
"ఇదివరకు పెరిగితే రాజుని తిట్టేదాన్ని,
రాజు దొరక్కపోతే నిన్ను తిట్టేదాన్ని.
ఇప్పుడెవర్ని తిట్టను, తిబో?"
ఏం చెప్పాలో తోచక ఏటి కేసి చూపించాను.
ఆమె ఏటిని తిట్టలేదు.
నా గుమ్మంలో ఉమ్మేసి పోయింది.

పుస్తకంలో ఉమ్ముకి గడి లేదు.

రాత్రి దీపం దగ్గర పేజీలు తిప్పుతాను.
రాజుకి ఏనాడూ తెలియనివి దీనికి తెలుసు:
పెర్రీన్ చిన్నది కోరింతదగ్గుతో పోయిన తేదీ,
ఒదిలోన్ పడవలో బస్తాల లెక్క,
బావి వీధిలో ఎన్ని పొయ్యిలు రాజుకోలేదో.
కొరడా లేదు, గంట లేదు,
ఎవరూ ఎవర్నీ ఆపలేదు.
గోధుమల్ని కొలిచిన చేత్తోనే
ఊరిని కొలుస్తున్నాను,
అంచున కర్ర గీత లేకుండా.

నిన్న ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు.
లెక్కలు చూసి తలూపాడు, చేతిరాత బాగుందన్నాడు.
పాత కుంచం ఏదని అడిగాడు,
పారిస్‌లో దాచుకుంటారట.
దొడ్లో ఉంది, కోడి పొదుగుతోంది, లేవదు అన్నాను.
అతను లేపబోతే ముక్కుతో పొడిచింది.

ఏడు గుడ్లున్నాయి దాని కింద.
అవి మాత్రం ఎక్కడా రాయలేదు.