మూడు గ్లాసుల నీళ్ళు

జ్వరం తగ్గిన తొమ్మిదో రోజున
సబ్బుకి వాసన లేదు.
అగరొత్తికి లేదు, కాల్చిన చేపకి లేదు.
నా చొక్కాకీ లేదంటే కజుయో నవ్వింది,
"నీకు లేదేమో, నాకుంది" అని.

అది రెండేళ్ళ కిందటి మాట.
ఇప్పుడు అసహికావాలో అక్టోబరు.
గుమ్మం ముందు మొదటి మంచు
పడీ పడనట్టు పడి కరిగిపోయింది.
బస్సు డిపోకి వెళ్తూ బూట్లు తొడుక్కుంటూ అంది:
"ఆదివారం గొర్రె మాంసం కాల్చుకుందాం.
సాస్ సీసా కొనకు. నువ్వే చెయ్యి."

ముక్కు లేనివాడికి అప్పజెప్పే పనా అది?

ఆపిల్ తురుముతున్నాను
పింగాణీ పలక పళ్ళ మీద, చెక్కు తియ్యకుండా.
తర్వాత ఉల్లిపాయ.
సగానికొచ్చేసరికి కళ్ళు ధారకట్టాయి.
ముక్కు మరిచిపోయింది గానీ
కన్ను మరిచిపోలేదు దాన్ని.
ఆ సంతోషంలో కాస్త ఎక్కువే తురిమాను.

అల్లం బొటనవేలంత. వెల్లుల్లి నాలుగు రెబ్బలు.
సోయా రసం పోస్తూ పోతే ఒకచోట
గిన్నె అడుగు కనిపించడం మానేస్తుంది,
అదే నాకు తెలిసిన కొలత.
మిరిన్ రెండు గరిటెలు. సాకే ఒకటి,
ఇంకొకటి వంటవాడికి.

మా అమ్మ తకికావా మనిషి.
మాంసం రాత్రంతా సాస్‌లో నానందే
పొయ్యి వెలిగించేది కాదు.
కజుయో సప్పొరో పిల్ల,
కాల్చాకే ముంచాలంటుంది.
ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో
తెగని తగాదా ఇదొక్కటే.
మిగతావి తెగిపోయాయి, లేదా
ఎవరు మొదలుపెట్టారో మరిచిపోయాం.

పొయ్యి మీది గిన్నెకి చెవి ఒగ్గాను.
మొదట చిటపట, రేకుల మీద సన్నటి వానలా.
ఆపైన బుడగలు బరువెక్కి, బద్ధకించి,
గుబుక్కు... గుబుక్కు...
అప్పుడు దించాను.
నలభై ఏళ్ళు రైలు చక్రాల్ని సుత్తితో తట్టి
పగులెక్కడుందో విన్న చెవి ఇది.
పింఛనొచ్చాక దొరికిన మొదటి డ్యూటీ.

చెంచాతో నాలుక మీద వేసుకున్నాను.
ఉప్పు తెలుస్తోంది. తీపీ తెలుస్తోంది.
కానీ రెండూ వెయిటింగ్ రూములో
ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు కొత్తవాళ్ళు.
పరిచయం చేసే మూడో మనిషి రాడు.
ఎందుకైనా మంచిదని ఇంకాస్త సోయా పోశాను.

ఆదివారం.
గుండ్రటి ఇనప పెనం టోపీలా బోర్లించి
అంచు చుట్టూ క్యాబేజీ, పెసర మొలకలు.
కజుయో మొదటి ముక్క ముంచింది.
నేను తన మొహం చూడలేదు.
పాతికేళ్ళు ప్రయాణికులతో పడి
ఏదీ బయటపెట్టని మొహం అది.
గ్లాసు చూశాను.

ఒకటి తాగింది.
"ఎలా ఉంది?"
"బావుంది."
రెండు తాగింది.
మూడోది తనే కుళాయి దగ్గరికెళ్ళి పట్టుకుంది.

నేను లేచి మిగిలిన సగం ఆపిల్
తన గిన్నెలోకే తురిమాను.
తను గిన్నె కదలకుండా పట్టుకుంది, అంతే.

కాసేపాగి అంది:
"అడుగు కొంచెం మాడింది కదూ?"
నా చెవి ఆ సంగతి చెప్పలేదు.
"మాడు వాసన ఎలా ఉంది?" అన్నాను.
పటకారు గాల్లో ఆపి ఆలోచించింది.
"నువ్వు ఉతకనివ్వవే, ఆ పాత డ్యూటీ కోటు...
చలికాలంలో నువ్వది వేసుకుని లోపలికొస్తే
ఎలా ఉండేదో అలా.
బావుంది. ఈసారీ అంతే మాడ్చు."

ఆ రాత్రి క్యాలెండరు వెనక రాసుకున్నాను:
ఆపిల్ ఒకటిన్నర.
సోయా, గిన్నె అడుగు మసగ్గా కనబడాలి.
మాడు, తెలియకుండా.
నీళ్ళు, ఒక గ్లాసు దాటకూడదు.

వంటింట్లో కజుయో మిగిలిన పచ్చి మాంసాన్ని
సాస్‌లో వేసి, చేత్తో కలిపి, మూతపెట్టి
ఫ్రిజ్‌లో వెనక అరలో దాచింది రేపటికి.
తకికావా పద్ధతి.
నేను క్యాలెండరు తిరగేస్తూ
చూడనట్టే ఉన్నాను.