ఎనిమిది బారలు

బరంపురం ఆస్పత్రి పుస్తకంలో
నా పేరు సూరాడ బండెమ్మ కాదు,
'సురొడొ బొండొమా'.
పోనీలే, పిలిస్తే పలకతన్నాను.

నిరుడు దవుడకి ముప్పై మూడు కరెంట్లు ఎట్టేరు.
గెడ్డ ఎల్లిపోనాది.
తోలు మాత్రం ఎండు సేపలాగ బిగిసిపోయి
సెవి కింద ఒక సిల్లు తెరుసుకుంది.
ఎన్ని కట్లు మార్సినా మూసుకోదు.

అందుకని ఈ గాజు గొట్టం.
తలకి నూనె రాయకు, నూలు కోకే కట్టు,
ముక్కుపుడక తియ్యి, అగ్గిపెట్టి ఉందా?
రొంటి తడిమింది నర్సు పిల్ల.
సగం కాలిసిన సుట్ట దొరికింది.
నవ్వనేదు, తిట్టనేదు.
నిప్పురవ్వ పడితే నోపలి గాలంతా మంటే, అంది.

నలభయ్యేళ్లు అడ్డపొగ తాగినదాన్ని,
నిప్పు నాలిక మీదెట్టుకుని
గోపాల్‌పూర్ ఇసకలో కవళ్లకి బేరమాడినదాన్ని.
నాకు సెబుతుంది నిప్పు సంగతి.

తలుపు బిగించేరు.
సెవుల్లో దూది కుక్కినట్టయింది.
"ఛెప ఢోక, మావుసీ" అని సైగ సేసేడు బిభూతి.
ఉమ్మి మింగాలట.
ఉమ్మెక్కడిది బాబూ, అదీ కరెంటే తినేసింది.
ఉత్త గుటక మింగేను. ఒకటి, రెండు,
మూడోదానికి టప్పుమని తెరుసుకుంది సెవి.
ఉప్పు లేని గాలి పీల్సడం
పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పద్నాలుగు మీటర్ల నీటి అడుగున ఉన్నట్టట, నోపలుంటే.
మా ముసిలోడు ఏళ్ల మీద లెక్కేసేడు.
ఎనిమిది బారలు. రవంత తక్కువ.
ఆడది ఎక్కితే వల ఖాళీ అనీసి
ఒక్కనాడూ నన్ను కెరటం దాటించనోడు
"అంత లోతు నానూ దిగనేదే" అన్నాడు,
బీడీ ఆర్పేసి.

ఇయ్యాలికి ఇరవై రెండు మునకలు.
వేలు దూరే సిల్లు గోరంతయింది.
అంచున ఎర్రగా తడి. కుళ్లు కాదట,
కొత్త నెత్తురట.
డాక్టరు మురిసిపోతన్నాడు.
మొప్ప ఎత్తి సూడకుండా
తాజా సేప అని ఎవులు సెప్పినా నమ్మను నాను.
అద్దం తెమ్మన్నాను. సూసేను.
ఎరుపే.

రాత్రి గంజి తాగతంటే అడిగేడు
"కింద ఏటి కనిపిస్తాదే?"
నువ్వే, అన్నాను.
గాజుకి మొకం ఆనించి
నోరు తెరుస్తా, మూస్తా,
ఒక్క మాటా ఇనపడదు.
ఒడ్డునేసిన కానాగంతలాగ ఉన్నావు,
బుట్టెడు కొన్నా
కొసరుకి కూడా ఒద్దంటారు నిన్ను.