బొంత చెవిలో రాయి

తెల్లారగట్ల నాలుగింటికి విశాఖ లారీ
కృష్ణలంక సందులోకి వెనక్కి వెనక్కి వస్తుంది.
ఐసు కింద బొంతచేప.
గోధుమరంగు ఒంటి నిండా మచ్చలు,
గుమ్మమంత నోరు, నోట్లో ఎర్రటి తిత్తి.
"నాలిక వాచిందా?" అంటారు కొనేవాళ్ళు.
నాలిక కాదమ్మా, పొట్ట.
ముప్పై బారల లోతు నుంచి ఒక్క ఊపున లాగితే
లోపలి గాలి ఉబ్బి
పొట్టని నోట్లోకి నెట్టేస్తుంది.

ఈ సంగతి నాకు చెప్పింది మైలపిల్లి నూకన్న.
బాకీ డబ్బుల కోసం అప్పుడప్పుడు లారీలోనే దిగుతాడు.
చూపుడువేలి మడతలో తాడు కోసిన గాడి,
అందులో బీడీ సరిగ్గా ఇముడుతుంది.

"బొంత తిరగదొదినా, కాపు కాస్తాది.
రాయి కింద దానిల్లు. గడపలో కూకుంటాది.
దగ్గిరికొచ్చిన సేపని కొరకదు,
నోరు తెరిస్తే సాలు, నీళ్ళతో పాటు లోపలికెళ్ళిపోతాది.
గేలం తగిలిందా, మూడు లెక్కెట్టేలోగా లాగాల.
నాలుగన్నావా, ఇంట్లో దూరి
సెంపలిప్పి, ముళ్ళు నిక్కించి
రాతికి మేకులా బిగిసిపోతాది.
ఇంక తాడు తెగాల, లేపోతే నువ్వు సిగ్గుపడాల."

ఈ కత్తిపీట మీద నాకు పదకొండేళ్ళు.
అంతకుముందు ఇది మా ఆయనది.
జెల్లముల్లు దిగి చెయ్యి చీము పట్టి
పెద్దాసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు.
మర్నాడు గిరాకీ ఆగదు కదా,
కూర్చున్నాను.

పొట్టలు చీరి చీరి ఒకటి కనిపెట్టాను:
మూడు నాలుగు కిలోల బొంతలో జెన ఉంటుంది.
పది దాటిన దానిలో తెల్లటి పాలు.
చిన్న మగది
ఇన్నేళ్ళలో ఒక్కటీ నా కత్తికి తగల్లేదు.
ఎవరితో అంటాను?
దాంతో ధర మారదు.

పోయిన వేసవిలో రెహ్మతున్నీసా అనే పిల్ల వచ్చింది,
చేపల చదువు.
తలకాయలు కావాలంది. పులుసుకనుకున్నాను.
పుర్రె చీల్చి, పట్టకారుతో
చెవుల దగ్గర నుంచి రెండు తెల్ల రాళ్ళు తీసింది.
నూక కంటే పెద్దవి, చింతగింజ కంటే చిన్నవి.
ఒకటి పట్టుకుపోయి, పదిహేను రోజులకి ఫోటో తెచ్చింది.
అరగదీస్తే లోపల ఉల్లిపాయ పొరల్లా గీతలు.
"ఏడాదికొకటి ఆంటీ. దీనికి పద్నాలుగు.
అన్నీ ముందు ఆడవే.
పెద్ద మగది గేలానికి పోయిందనుకోండి,
మిగిలినవాటిలో పెద్దది మగదవుతుంది."

అని, తనే నవ్వింది:
"చూశారా, మగదయ్యాక కూడా 'ది' పోలేదు!"

నిజమే. మన మాటల్లో
ఆడమనిషికీ చేపకీ ఒకటే లెక్క.
వచ్చింది. తింది. కూర్చుంది.
వాడికి మాత్రం వేరే.
బజార్లో నన్ను "ఏం బాబాయ్" అని పిలిచే కుర్రాడొకడున్నాడు,
ఎగతాళో గౌరవమో ఇప్పటికీ తేలలేదు.

"అది మారిన ఏడు
గీత ఏమన్నా వంకర తిరిగిందా?" అనడిగాను.
ఫోటో దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.
"లేదాంటీ. మామూలుగానే ఉంది."

సాయంత్రాలు మా ఆయన
బ్యారేజీ కింద రాళ్ళ మీద ఉంటాడు.
తాడు పళ్ళతో బిగించి
మిగిలిన రెండు వేళ్ళకి చుట్టుకుంటాడు.
ఫోను చేస్తాడు: "పడిందే ఒకటి!"
"పడిందా, పడ్డాడా?"
అవతల నీళ్ళ చప్పుడు, ఎవరిదో దగ్గు.
"ఏంటే నీ గోల? వాలుగ. కిలో ఉంటుంది."

పీట కడిగి, పొలుసులు ఊడ్చి
నీళ్ళు కొడతాను.
రెండో రాయి ఆ పిల్ల నాకే వదిలేసింది.
చిల్లర డబ్బాలో ఉంది.
మొన్న ఒకాయనకి అర్ధరూపాయి బిళ్ళలతో పాటు
ఇచ్చేయబోయాను.
ఆయన అరచేతిలో తిప్పి చూసి
"ఇది చెల్లదమ్మా" అన్నాడు.