పార్సిలు మీద ఊరి పేరు

లేసు గోడౌన్లో నా పని
అట్టపెట్టెల మీద ఊళ్ల పేర్లు రాయడం.
ముప్పై ఏళ్లలో నా చేత్తో రాయని రేవు లేదు,
నేను దాటిన నీరు మాత్రం ఒక్కటే:
మాధవాయిపాలెంలో పంటెక్కి
సఖినేటిపల్లి ఒడ్డు దాకా.

సెవిల్లా అని చదివేవాణ్ణి.
కాదు, సెవియ్యా అనాలన్నాడు గుమాస్తా పాపయ్యశెట్టి.
ఆయనకెవరు చెప్పారో!
రాత మారలేదు, నోరే తిరిగింది.

ఆ పెట్టెల్లోకి వెళ్లేది నల్ల లేసు.
నల్లదారం పట్టేది నాగిడి గంగారత్నం ఒక్కతే.
"తెల్లదైతే దీపమ్ముందు సాగుతుంది,
ఇది చీకటిని చీకటితో అల్లడం,
కళ్లకి కూలి వేరే కట్టండి" అంటుంది.
ఏజెంటు కట్టడు.
వాకిట్లో ఎండ ఎటు జరిగితే అటు
పీట జరుపుకుంటూ పగలే అల్లుతుంది.

మొన్న మాఘంలో ఆ ఊరి మనిషే దిగింది.
ఇనేస్ అట పేరు. మెడలో వేలాడే కళ్లద్దాలు,
వెంట మాట తిప్పి చెప్పడానికి ఒక కాకినాడ కుర్రాడు.
ముడులు లెక్కపెట్టింది, బేరం ముగించింది,
మీ ఊళ్లో పాతదేదైనా చూపించమంది.

నరసాపురంలో పాతదంటే ఏం చూపిస్తాం?
ఒలందుల గిడ్డంగి ఇక్కడే అని మా నాన్న చెప్పిన చోట
ఐసు ఆడించే మిషను.
ఓడలు కట్టిన ఒడ్డున తుమ్మ కంప, ఎండుచేపల చాపలు.
ఒక గోడ ఉంది, మొండిది,
ఇటిక మనదో వాళ్లదో తెలీదు.
ఆ గోడే చూపించాను.

"ఇక్కడ మూడు తెరచాపల ఓడలు నీళ్లలోకి తోసేవారు,
మా తాతకి తాత టేకు దుంగ మీద బాడిస పట్టినవాడు"
అన్నాను, రుజువేమీ లేకుండా.
"మరి ఓడలేవి?"
"ఇసక మేట వేసింది."

కుర్రాడు తిప్పి చెప్పేలోపే ఆవిడ నవ్వింది.
చెయ్యి చాచి ఏటిని చూపించి, తన గుండె మీద పెట్టుకుంది.
వాళ్లదీ అంతేనట.
సముద్రం అవతలి వెండంతా ఒకప్పుడు వాళ్ల ఏటి ఒడ్డునే దిగేదట,
బురద పూడి ఓడలు వేరే రేవు చూసుకున్నాయట.
మిగిలినవి గంటల గోపురం, నీలం పలకల గోడలు,
నడుమ నీళ్లు చిమ్మే చావిళ్లు.
ఓడలు రాని రేవుని చూడ్డానికి
జనం టిక్కెట్టు కొంటారట.
మాకింకా పంటుకే టిక్కెట్టు, అన్నాను.

వీధి వీధినా నారింజ చెట్లట.
పూత కాలంలో తలుపు తీస్తే మత్తట.
కాయ మాత్రం చేదు, చెట్టు నుంచి కోసి ఎవరూ తినరట.
గంగారత్నం సూది ఆపింది:
"చేదైతే మాత్రం తినరా?
ఉప్పులో వేసే చెయ్యి లేదు గావును."
లోపలికెళ్లి దబ్బకాయ ముక్కొకటి తెచ్చి
ఆవిడ అరచేతిలో పెట్టింది.
ఇనేస్ కళ్లు మూసుకుంది, మొహం ముడుచుకుంది,
ఇంకో ముక్క అడిగింది.

అల్లిక సగంలో ఉన్న నల్ల ముసుగు
తల మీద వేసుకుని చూపించింది,
పండక్కి వాళ్లమ్మ ఇలాగే వేసుకునేదట.
పండక్కి నలుపేంటి! గంగారత్నం నోరు నొక్కుకుంది,
అంతలోనే "కదలకమ్మా" అని
ఆవిడ చెవి పక్కన తప్పిన కన్ను ఒకటి
తల మీద ఉండగానే సూదితో అందుకుంది.
ఆ కాసేపు ఆ తెల్లమనిషి
జడ వేయించుకునే పిల్లలా వంగి కూచుంది.

అక్కడ దాని ధరెంతో నేనడగలేదు.
ఆవిడా చెప్పలేదు.

నిన్న పెట్టె మీద ఆ పేరు రాస్తుంటే
గంగారత్నం గుమ్మంలోంచి అడిగింది:
"పోటు వేళ వాళ్ల ఏరు కూడా వెనక్కి నడుస్తుందా?
నీళ్లు ఉప్పెక్కుతాయా?"
ఒడ్డున అంతసేపు నిలబడి
ఆ ఒక్కటీ అడగలేదు నేను.
సిరా ఆరకముందే వేలు తగిలి
చివరక్షరం కాస్త అలికింది.
అలాగే పంపించేశాను.