నిరుటి పీతలు

ఫారం ఎప్పుడూ నిరుటి సంగతే అడుగుతుంది.
నిరుడు మా నాన్న బోనుల్లోకి పీతలు
పేరంటానికి పిలిచినట్టు వచ్చాయి.
ధర కూడా చూసిచూసి ఆ ఏడే పెరిగింది.
ఆ ఒక్క వేసవితో మేం
కాగితం మీద కలవారమయ్యాం.

ఈ ఏడు నీళ్లే వేడెక్కాయో
పీతలకే మా మీద విసుగు పుట్టిందో,
వేసిన బోను వేసినట్టే పైకొచ్చింది.
మే నెలలో ఇంజను పోయింది.
జూన్‌లో చక్రానికీ తాడుకీ మధ్య
నాన్న చూపుడువేలు పోయింది.
వీటికి ఫారంలో గడులు లేవు.

"మీ కుటుంబం భరించగల మొత్తం" అని
అట్టడుగున ఒక అంకె తేలింది.
ఫోన్లో అమ్మకు చదివి వినిపించాను.
చాలాసేపు నవ్వింది.
నవ్వాగాక,
"ఎవరి కుటుంబమే అది?" అంది.

సెయింట్ జాన్స్‌లో వీధులన్నీ
రేవులోకి జారిపోబోతూ ఆగినట్టుంటాయి.
ఎరుపూ పసుపూ ఇళ్ల ముందు
యాత్రికులు నిలబడి ఫొటోలు దిగుతారు.
ఆ పసుపు ఇంటి కింద, కిటికీ లేని గదుల్లో
మేం నలుగురం ఉంటామని ఏ ఫొటోలోనూ పడదు.
నెయిన్ నుంచి వచ్చిన టబేయాకి
రావలసిన సాయం సెప్టెంబరు నుంచీ వస్తూనే ఉంది.
"ఓడలో వేశారట, మంచు కరగాలి" అంటుంది,
నా డబ్బాలోంచి ఒక టీ పొట్లం తీసుకుంటూ.
నేను లెక్క రాసుకోను.
రాసుకోను గానీ, గుర్తుంటుంది.

తెల్లవారుజామున నాలుగింటికి డోనట్ల దుకాణం.
జుట్టులో పంచదార పొడితోనే
తొమ్మిదింటికి గణాంకశాస్త్రం.
పుస్తకం నూట ఎనభై డాలర్లు.
లైబ్రరీలో రెండు గంటలకు మించి ఇవ్వరు.
మూడో అధ్యాయం సగంలో వదిలిన వాక్యాన్ని
మర్నాడు వెళ్లి పట్టుకుంటాను.
అప్పటికి అది ఎందుకు మొదలైందో మరిచిపోతాను.

ఒకరోజు బోర్డు మీద చుక్కలన్నీ ఓ గుంపుగా వేసి
దూరంగా, పైన, ఒంటరిగా ఒక్కటి పెట్టి
ప్రొఫెసర్ అన్నాడు:
"దీన్నొక్కదాన్నీ చూసి గీత గీయకండి."
నోట్సు రాసుకోవడం మానేశాను.
అది మా నిరుడు.

ఆ రాత్రే ఉత్తరం రాశాను, ఆర్థిక సహాయ కార్యాలయానికి.
పదేళ్ల చేపల రసీదులు
అమ్మ బిస్కెట్ల డబ్బాతో సహా పంపింది.
పది అంకెలు వేసి సగటు తీశాను.
నాన్న ఒక్కటే చెప్పాడు:
"పీతలు రాలేదని రాయి. ఇంజను సంగతి రాయి.
వేలు సంగతి మాత్రం రాయకు, బెర్నడీన్.
వేలు చూపించి ఎవర్నీ డబ్బడగను."

రాశాను. కొట్టేశాను.
మళ్లీ రాశాను, ఒక్క వాక్యమే,
ఆసుపత్రి కాగితం నకలు జత చేసి.

కిటికీ అవతల మిసెస్ హైన్స్
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివింది.
సగటు ఉన్న పేజీ తిప్పేసింది.
ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగింది.
"ఏ చేయి?" అని అడిగింది.
"కుడి" అన్నాను.
ముద్ర వేసింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది.
శీతకాలం ఫీజులో మూడొంతులు.
మిగతా ఒక వంతుకి ఆదివారాలు కూడా డోనట్లు.
వచ్చే ఏడు ఫారం ఈ ఏడు సంగతి అడుగుతుంది.
మా ఖాళీ బోనులకు అప్పుడు గానీ విలువ కట్టరు.
ఈలోగా పీతలు తిరిగొస్తే
నిజానికి మేం ఇబ్బందుల్లో పడతామని
టబేయాతో అంటే, టీ పొలమారింది.

ఇంటికి ఫోన్ చేశాను.
వెనక ఎవరో సుత్తితో ఇంజను మీద కొడుతున్నారు.
"చూశావా," అన్నాడు నాన్న, గొంతులో గర్వంతో,
"వేలు ఊసెత్తకుండానే ఇచ్చారు."

"అవున్నాన్నా" అన్నాను.